అడ్డకోతలో అసలు పేరు: ఫిగర్ ఉన్న గట్టి చెక్కలను గుర్తుపట్టడం, సంపాదించడం

సభలోని పెద్దలకు, తోటి పనివారికి, కొత్తగా లేత్ ముందు నిలబడిన యువతీ యువకులకు నమస్కారం.

తెలుగునాట తరిమెన పని, అంటే లేత్ మీద చెక్కను తిప్పుతూ వస్తువులు తీసే పని, అనగానే అందరికీ ముందుగా గుర్తుకొచ్చేది వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడి లక్కబొమ్మలకు వాడేది అంకుడు కర్ర. అది తెల్లగా, సన్నని నారతో, గీతా చారా లేకుండా ఉంటుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకు వాడేదీ ఈ చెట్టే. లక్క రంగు నిండుగా కనిపించాలంటే కింది చెక్కకు సొంత చారలు ఉండకూడదు కనుక, తరతరాలుగా మన పనివారు ఏ గీతా లేని చెక్కనే వెతికి తెచ్చుకున్నారు. నేను ఈరోజు మాట్లాడబోయే పనిలో ఈ ఎంపిక పూర్తిగా తలకిందులవుతుంది. ఇక్కడ మనం రంగు పూయం. చెక్కలో చెట్టే గీసుకున్న అలలు, కళ్ళు, చారలు బయటపడేలా గిన్నెనో పళ్ళేన్నో తీసి, వాటి మీద పారదర్శకమైన నూనె మాత్రం పట్టిస్తాం. ఆ సహజమైన చిత్రాన్నే ఈ వ్యాపారంలో ఫిగర్ అంటారు. నేనూ ఆ మాటే వాడతాను.

ఈ చెక్కలు కొనడానికి వెళ్ళేవారు రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తారు. ఇది ఏ చెట్టు అన్నది ఒక ప్రశ్న. ఇందులో ఫిగర్ ఎలాంటిది అన్నది మరొకటి. ఫిగర్ జాతి లక్షణం కాదు, చాలా వరకు ఆ ఒక్క చెట్టుకు, కొన్నిసార్లు ఆ చెట్టులోని ఒక్క కొమ్మకు చెందినది. ఒకే కొండ మీద పక్కపక్కన పెరిగిన రెండు మేపుల్ చెట్లలో ఒకదాని నార తిన్నగా ఉంటే, రెండోదాని నార అలలు తిరిగి ఉండవచ్చు. అందువల్ల అలలు కనిపించాయి కనుక ఇది మేపుల్ అనడం తప్పు. మేపుల్ అని చెప్పారు కనుక అలలు ఉంటాయని ఆశించడమూ తప్పే. చెట్టు పేరును తేల్చేది చెక్క అడ్డకోత. ఫిగర్‌ను తేల్చేది పొడవునా తీసిన కోత. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను కనుకనే మొదట దీన్ని చెబుతున్నాను.

ముందు ఫిగర్ సంగతి చూద్దాం. అలల ఫిగర్ ఉన్న చెక్కలో నార పైకి కిందికి ఊగుతూ సాగుతుంది. చిత్రిక పట్టిన తర్వాత చూస్తే, నార కొన్నిచోట్ల మన వైపు తిరిగి కొనలు చూపుతుంది, కొన్నిచోట్ల పక్కకు వాలి ఉంటుంది. కొనలు చూపిన చోట వెలుగు లోపలికి ఇంకి నల్లగా కనిపిస్తుంది, వాలిన చోట వెలుగు తిరిగి వచ్చి మెరుస్తుంది. చెక్కను చేతిలో తిప్పితే ఆ నలుపు తెలుపు చారలు చోటు మారతాయి. చెక్క మీద వేసిన రంగు చారలకూ నిజమైన అలలకూ తేడా తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు: ఎండలో పట్టుకుని తిప్పండి, చార కదిలితే అది నారలోది, కదలకపోతే అది పైపూత లేదా చెక్కలో ఇమిడిన రంగు. వయొలిన్ వెనుక పలకకు వాడే మేపుల్‌లోనూ, హవాయి దీవుల కోవా చెట్టు చెక్కలోనూ ఉన్నది ఈ అలలే. నడిబొడ్డు నుంచి బెరడు వైపు, ఆరాల దిశలో కోసిన ముఖం మీద ఇవి బాగా కనిపిస్తాయి. మేపుల్‌లోనే దిండులాంటి ఉబ్బుల ఫిగర్ ఒకటుంది, దాన్ని క్విల్టెడ్ అంటారు. అది చెట్టు పెరుగుదల వలయాలను తాకుతూ పోయే కోతలో కనిపిస్తుంది. పిట్టకన్ను ఫిగర్‌ కూడా అలాంటి కోతలోనే కళ్ళుగా కనిపిస్తుంది, ఆరాల దిశలో కోస్తే చిన్న చిన్న గీతలుగా మిగులుతుంది. మేపుల్‌లో ఆ కళ్ళు ఎందుకు ఏర్పడతాయో వృక్షశాస్త్రజ్ఞులు ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

బర్ల్ అనేది కాండం మీద కణితిలా పెరిగే బుడిపె. అందులో నారకు దిక్కంటూ ఉండదు. నిద్రాణమైన మొగ్గలు గుంపుగా పుట్టి, వాటి చుట్టూ చెక్క సుళ్ళు తిరుగుతుంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చే అంబోయ్నా బర్ల్ ఈ కోవలోదే, అది ఎర్రచందనానికి దగ్గరి చుట్టమైన ప్టెరోకార్పస్ ఇండికస్ చెట్టు బుడిపె. కొమ్మ చీలిన పంగ దగ్గర ఈకలాంటి ఆకారం వస్తుంది. కొన్ని చెట్లలో నార ఒక పొరలో ఎడమకు, తర్వాతి పొరలో కుడికి వాలుతూ పెరిగి, కోసినప్పుడు రిబ్బను పట్టీల్లా కనిపిస్తుంది. చచ్చిన చెక్కలో బూజు పాకి నల్లని గీతలు గీసేది స్పాల్టింగ్. ఈ ఆఖరిది చెట్టు గీసినది కాదు కనుక కొందరు దీన్ని ఫిగర్‌గా లెక్కపెట్టరు. నేను పెడతాను, ఎందుకంటే లేత్ మీద తిరిగే గిన్నెలో ఆ గీతలు తెచ్చే అందం దేనికీ తీసిపోదు.

ఇక జాతిని గుర్తుపట్టడం. దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ: పదును తగ్గని బ్లేడు, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, కాసిని నీళ్ళు, ఓపిక. చెక్క కొన వైపు గోరంత చోట బ్లేడుతో నున్నగా ఒక పొర తీసి, తడి చేసి, భూతద్దంలో చూడండి. రంపం కోసిన ముఖం మీద ఏమీ కనబడదు, ఉప్పుకాగితం పట్టిస్తే పొట్టు రంధ్రాల్లో నిండి మోసం చేస్తుంది. బ్లేడుతో కోసిన ముఖం మీదే నీళ్ళు మోసే నాళాలు సూదిబెజ్జాల్లా కనిపిస్తాయి. అవి వలయం మొదట్లో పెద్దవిగా గుమికూడి ఉన్నాయా, వలయమంతా సమానంగా చల్లినట్టున్నాయా చూడాలి. ఆ బెజ్జాల చుట్టూ లేతరంగు మృదుకణజాలం కడియంలా ఉందా, రెక్కలు చాచిందా, పట్టీలుగా సాగిందా చూడాలి. నడిబొడ్డు నుంచి బయటికి పోయే దవ్వరేఖలు కంటికి ఆనేంత వెడల్పుగా ఉన్నాయా, భూతద్దంలోనూ దారపుపోగుల్లా సన్నగా ఉన్నాయా చూడాలి. ఈ మూడూ కలిస్తే చాలా చెక్కల కుటుంబం తెలిసిపోతుంది. ఆ తర్వాత వలయాలను తాకే ముఖం వైపు తిప్పి, ఏటవాలు వెలుగులో చూడండి. జిట్టేగి, శిస్సు వంటి డాల్బర్జియా ప్రజాతి చెట్లలోనూ, వేగిస, ఎర్రచందనం వంటి ప్టెరోకార్పస్‌లలోనూ అక్కడ అతి సన్నని అడ్డగీతలు, ఇసుక మీద గాలి గీసినట్టు, వరుసగా కనిపిస్తాయి. వీటినే అలల గుర్తులంటారు. వీటికీ మనం పైన చెప్పుకున్న అలల ఫిగర్‌కూ సంబంధం లేదు.

ఈ గుర్తుల విలువ నాకు నష్టపోయాక తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం ఒక అంగడిలో రోజ్‌వుడ్, అంటే జిట్టేగి, అని మూడు దిమ్మెలు కొన్నాను. పైన చక్కని ఊదారంగు. లేత్ మీద ఎక్కించి ఉలి పెట్టగానే లోపల రంగు పేలవమైన గోధుమ వన్నెకు దిగిపోయింది, జిట్టేగి కోసినప్పుడు వచ్చే తియ్యని వాసనకు బదులు ముక్కు మండి తుమ్ములు మొదలయ్యాయి. అడ్డకోత చూస్తే పెద్ద పెద్ద బెజ్జాలు, వాటి చుట్టూ తెల్లని కడియాలు ఉన్నాయి, అలల గుర్తుల జాడ లేదు. అది దిరిసెన. దిరిసెన చెడ్డ చెక్కేమీ కాదు, తుమ్ములు తెప్పించడం దాని ధూళి నైజం. నేను బాధపడింది చెక్క గురించి కాదు, కొనేముందు రెండు నిమిషాలు వెచ్చించి కొన కోసి చూడనందుకు.

రంగును నమ్మవద్దని చెప్పడానికి ఇంకో కారణముంది. పర్పుల్‌హార్ట్ అనే విదేశీ చెక్క కోసిన వెంటనే గోధుమ రంగులో ఉండి, గాలి తగిలాక ఊదాగా మారి, ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ గోధుమకు తిరుగుతుంది. ఆఫ్రికన్ పడౌక్ నిప్పులాంటి ఎరుపుతో మొదలై ముదురు గోధుమలో స్థిరపడుతుంది. బరువు రంగు కంటే నమ్మదగినది. బాగా ఆరిన చేవ ముక్క నీళ్ళలో వేస్తే మునిగే చెక్కలు తక్కువ. ఎర్రచందనం, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, లిగ్నమ్ వైటే అలాంటివి. నీళ్ళకే సంబంధించిన ఇంకొక అందమైన పరీక్ష వేగిసది. మధుమేహానికి మంచిదని అమ్మే వేగిస గ్లాసులు మీలో కొందరు తరిమెన మీద తీసే ఉంటారు. ఆ పొట్టు నీళ్ళలో నానబెట్టి గాజు గ్లాసులో పోసి, వెనుక నల్లగుడ్డ ఉంచి ఎండలో చూస్తే, పసుపు నీటి మీద నీలిరంగు తేలినట్టు మెరుస్తుంది. దాని చుట్టమైన అంబోయ్నా నీళ్ళూ ఇలాగే మెరుస్తాయి. అమెరికాలో స్థిరపడి ఇంటి గరాజులో లేత్ పెట్టుకున్న మన వాళ్ళకు బ్లాక్ లోకస్ట్‌కూ మల్బరీకీ తేడా తెలియక ఇబ్బంది వస్తుంటుంది. అతినీలలోహిత దీపం కింద బ్లాక్ లోకస్ట్ చేవ ఆకుపచ్చ కలిసిన పసుపుగా వెలుగుతుంది, మల్బరీ అలా వెలగదు.

వీటితోనూ తేలకపోతే బెంగళూరులోని దారు విజ్ఞాన సాంకేతిక సంస్థ ఉంది. అక్కడ చెక్క నమూనాను పరీక్షించి పేరు చెబుతారు. ఖరీదైన సరుకు కొనే వ్యాపారి ఎవరైనా ఈ దారి తెలుసుకుని ఉండాలి.

ఇప్పుడు వ్యాపారపు పేర్ల గురించి. ఇవి చెట్టును చెప్పడానికి కాక చెక్కను అమ్మడానికి పుట్టినవి. ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అని ఒక పేరుంది, అది వాల్‌నట్ కాదు, ఇందాక చెప్పిన దిరిసెన. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌ను చాలామంది ఎబొనీ అనుకుంటారు, అది డాల్బర్జియా, అంటే జిట్టేగికి సోదరి. లేస్‌వుడ్ అనే ఒక్క పేరు కింద ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, ఇంగ్లండుల నుంచి నాలుగైదు వేర్వేరు చెట్లు అమ్ముడవుతాయి. అందుకే బేరం మొదలుపెట్టేముందు శాస్త్రనామం, చెట్టు పెరిగిన దేశం అడగండి. ఆ రెండూ చెప్పలేనివాడి దగ్గర ఖరీదైన సరుకు కొనవద్దు.

లేస్‌వుడ్ పేరు చెప్పాను కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే. ఆ పేరుతో అమ్ముడయ్యే చెక్కల్లో గ్రెవిల్లియా రోబస్టా ఒకటి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన అరకు, పాడేరు కొండల్లో కాఫీ తోటలకు నీడనిస్తూ, మిరియాల తీగకు ఊతమిస్తూ నిటారుగా నిలబడిన సిల్వర్ ఓక్ అదే. పేరులో ఓక్ ఉన్నా అది ఓక్ కాదు. దాని దవ్వరేఖలు ఎంత వెడల్పంటే, ఆరాల దిశలో కోసినప్పుడు అల్లిక గుడ్డ పరిచినట్టు కనిపిస్తుంది. ఆ కొండల్లో దాన్ని ఎక్కువగా పలకలకూ పెట్టెలకూ కోసేస్తారు, వలయాలను తాకేలా కోసేస్తారు కనుక ఆ అల్లిక ఎవరి కంటా పడదు. ఆరాల దిశలో కోసిన దిమ్మెతో లోతు తక్కువ పళ్ళెం తీయండి. అడుగంతా అల్లిక పరుచుకుంటుంది. లోతైన గిన్నె తీస్తే గోడల మీద అది చెదిరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఈ చెట్టు రసం, పొట్టు కొందరి చర్మానికి పడవు.

నిద్రగన్నేరు కథా ఇలాంటిదే. దక్షిణ, మధ్య అమెరికాల నుంచి వచ్చి మన రోడ్ల పక్కన గొడుగులు పట్టిన ఈ చెట్టునే హవాయిలో మంకీపాడ్ అంటారు. ఆ పేరుతో అక్కడి గిన్నెలు, పళ్ళేలు లోకమంతా తిరిగాయి. ముదురు గోధుమ చేవ, దాని అంచున పసుపు తెల్లచెక్క, పంగల దగ్గర సుడులు తిరిగే నార దీని సొత్తు. ఆరేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుపోతుంది కనుక పచ్చిగా ఉండగానే తీయడానికి ఇంత అనువైన పెద్ద చెక్క ఇంకొకటి లేదని నా అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో లెక్కలేనన్ని చెట్లు ఒరిగాయి. ఆ చెక్కలో ఎక్కువ భాగం పొయ్యిల్లోకి పోయింది. ఆ రోజుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

స్పాల్టెడ్ టామరిండ్ అని విదేశీ అంగళ్ళలో పెన్నులు తీసేవారికి చిన్న చిన్న ముక్కలు మంచి ధరకు అమ్ముతారు. అది మన చింత, అంతే. వానకు తడిసి నేల మీద పడి ఉన్న చింత మొద్దులో బూజు నల్లగీతలు గీస్తుంది. మామిడిలోనూ అంతే, అదనంగా మామిడిలో అలల నార కూడా తరచుగా దొరుకుతుంది. చెక్క ఇంకా గట్టిగా ఉండగానే తీసి ఎండబెట్టాలి, గోరు దిగేంత మెత్తబడితే లేత్ మీద నిలవదు.

అన్నిటికంటే మిన్న అని నేననేది బిల్లుడు. తెలంగాణ, రాయలసీమల పొడి అడవుల్లో నెమ్మదిగా పెరిగే ఈ చెట్టుకు వ్యాపారంలో పేరు ఈస్ట్ ఇండియన్ శాటిన్‌వుడ్. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు ధనికుల ఇళ్ళలోని బల్లలకూ బీరువాలకూ దీని పొరలు అతికించారు. లేత బంగారు వన్నె, దాని మీద తేనెటీగ రెక్కలా చిట్టిచిట్టి మెరుపులు. ఆ ఫిగర్‌కు ఇంగ్లీషులో కూడా తేనెటీగ రెక్క అనే పేరు. చెక్క బరువు, ఉలిని త్వరగా మొద్దుబారుస్తుంది, ధూళి చర్మాన్ని దద్దురు పట్టిస్తుంది. ముక్కుకు మంచి మాస్కు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా లేకుండా దీని దగ్గరికి పోవద్దు. ఇదే జాగ్రత్త కోకోబోలో అనే విదేశీ చెక్కకూ వర్తిస్తుంది.

ఇక ఎర్రచందనం. మీలో చాలామంది అడగాలనుకుంటున్నది దీని గురించేనని నాకు తెలుసు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగక, శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల్లోనే ప్రధానంగా పెరిగే చెట్టు ఇది. అందులోనూ అలల నార ఉన్న దుంగలకు విలువ ఎక్కువ. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు ఈ చెక్కనే మేలైనదిగా ఎంచుతారు. ఒక ఫిగర్‌కు ఉన్న గిరాకీ ఒక అడవిని ఎంత గాయపరచగలదో మన కళ్ళ ముందే ఉన్న ఉదాహరణ ఇది. దీన్ని అటవీ శాఖ వేలం ద్వారానో, అనుమతి ఉన్న పట్టా తోట ద్వారానో, కాగితాలతో తప్ప ముక్కైనా తీసుకోకూడదు. చేతిలో పడ్డ ముక్క చిన్నదే కదా అన్న మాట నా దగ్గర ఎవరూ అనవద్దు.

కాగితాల సంగతి వచ్చింది కనుక మిగతా నియమాలూ చెబుతాను. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, 1976లో భారత్ అందులో చేరింది. ఎర్రచందనం 1995 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లోనే కఠినమైన మొదటి అనుబంధానికి ఎక్కింది. 2017 జనవరి 2 నుంచి మిగిలిన డాల్బర్జియా జాతులన్నీ, బుబింగా పేరుతో వచ్చే మూడు గైబోర్షియా జాతులూ రెండో అనుబంధంలోకి వచ్చాయి. అంటే కోకోబోలో, కింగ్‌వుడ్, ట్యులిప్‌వుడ్, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అన్నీ ఇందులోవే. ఈ డాల్బర్జియాలతో, బుబింగాతో తయారైన వస్తువులకు 10 కిలోల వరకు మినహాయింపు ఉంది కానీ, లేత్ ఎక్కని దిమ్మె తయారైన వస్తువు కాదు. దేశం దాటించాలంటే పంపే దేశపు అనుమతి పత్రం ఉండాలి. బయటి దేశం నుంచి వచ్చే ఏ చెక్కకైనా, మన దేశంలో అడుగుపెట్టేటప్పుడు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పురుగూ తెగులూ లేవన్న ధ్రువపత్రం కావాలి. అమెరికాలో ఉన్నవారు 2008లో లేసీ చట్టానికి జరిగిన సవరణను చదువుకోవాలి, అది దొంగగా నరికిన చెట్టు చెక్కనూ తన పరిధిలోకి తెచ్చింది.

ఒక్కొక్క దిమ్మె కోసం దిగుమతి చేసుకోవడం మనకు గిట్టుబాటు కాదు. దిగుమతి దుంగలు ఎక్కువగా దిగేది గుజరాత్‌లోని కాండ్లా రేవులో, కోసేది పక్కనున్న గాంధీధామ్ మిల్లుల్లో. నలుగురైదుగురు కలిసి అక్కడి సరుకు తెప్పించుకుంటే, తెచ్చుకున్న ప్రతి పలకకూ బిల్లు, దేశం, శాస్త్రనామం రాయించుకుంటే మేలు. మన ఊళ్ళో పడిన చెట్టు కొనేటప్పుడు కూడా నరికే అనుమతి గురించి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, రవాణాకు అటవీ శాఖ నియమాలున్నాయి. ఏ జాతికి పత్రం కావాలో, ఏ జాతికి అక్కరలేదో ముందే రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

కొనేటప్పుడు చూడవలసినవి ఇంకా రెండున్నాయి. విదేశీ దిమ్మెలకు చుట్టూ మైనం పూసి ఉంటుంది. అది ఆరిన చెక్కకు గుర్తు కాదు, లోపల తడి ఉన్నదన్నదానికే గుర్తు. అదే కొలతలున్న రెండు దిమ్మెలను రెండు చేతుల్లో తూచి తేలికైనది తీసుకోండి, ఇంటికి వచ్చాక తేదీ, బరువు చెక్క మీదే రాసి, నెలనెలా తూచి, బరువు తగ్గడం ఆగేదాకా దాచండి. పచ్చి చెక్క అయితే ముందు మందంగా తీసి ఆరబెట్టండి: 30 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెకు గోడ 3 సెంటీమీటర్లు ఉంచితే, వంకర తిరిగినా రెండోసారి గుండ్రంగా తీయడానికి చాలినంత మిగులుతుంది. నడిబొడ్డు దవ్వను మాత్రం దిమ్మెలో ఉంచవద్దు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. రంపపు గరుకులో ఫిగర్ కనిపించదు కనుక, అమ్మేవారి అనుమతితో ఒక మూల రెండంగుళాల మేర చిత్రిక పట్టి, తడిగుడ్డతో తుడిచి చూడండి. అనుమతి ఇవ్వనివారి దగ్గర ఫిగర్‌కని అదనపు ధర పెట్టవద్దు.

ఇక నా మాట ఆపుతాను. ఈ బల్ల మీద పేర్లు రాయని పన్నెండు ముక్కలు ఉంచాను: జిట్టేగి, దిరిసెన, వేగిస, బిల్లుడు, నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్, చింత, మామిడి, అంకుడు, టేకు, మేపుల్, పడౌక్. బ్లేడ్లు, భూతద్దాలు పక్కనే ఉన్నాయి. ఇద్దరిద్దరుగా వచ్చి, ముందు కొన కోసి చూసి, ఏది ఏదో కాగితం మీద రాయండి. ఆ తర్వాతే పొడవు ముఖం తిప్పి ఫిగర్ చూద్దాం.